మేడంగారి పలక

గోడ మీద వేలు పెడితే కోట లేచింది. బురుజులు, కందకం, ఏనుగులు, గాలికి రెపరెపలాడే జెండా. ఒక రాజు గుర్రం దిగి నా వైపే నడిచొచ్చి, సినిమా హీరో గొంతుతో తన గొప్ప తానే చెప్పుకోవడం మొదలుపెట్టాడు. చుట్టూ ఉన్న పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ మీసం ఎవరు చూశారు? ఆ గొంతు ఎవరు విన్నారు?

పైకే అన్నట్టున్నాను. అక్కడ పనిచేసే అమ్మాయి పరుగున వచ్చి "ఏమైనా కావాలా మేడం?" అంది. ఏమీ వద్దన్నాను. నగరంలో కొత్తగా తెరిచిన మ్యూజియం అది. మేనకోడలు పోరు పడలేక వెళ్ళాను. రాళ్ళు తక్కువ, తెరలు ఎక్కువ. ఏది దొరికిందో, ఏది కంప్యూటర్లో పుట్టిందో చెప్పే నాథుడు లేడు.

చివరి గదిలో ఒక చిన్న తెర మీద నలుపు తెలుపు బొమ్మ ఆడుతోంది. ఎవరూ దాని దగ్గర ఆగడం లేదు. మొదట చిన్నపిల్లలు రాసుకునే పలక ఒకటి కనిపించింది. దాని మీద సుద్దతో 'నాటకం' అని ఉంది. ఆ వంకర అక్షరాలు నావి. తర్వాత పెద్ద పెద్ద బండరాళ్ళు, వాటి వెనక తలపాగాలు చుట్టుకున్న కుర్రాళ్ళు, ఒక జీపు, లాఠీలు, రాళ్ళు. తెర కింద చీటీ: 'విద్యార్థుల చారిత్రక నాటకం, చిత్రీకరణ'.

అది నాటకం కాదని తెలిసినవాళ్ళు ఇంకా ఎంతమంది మిగిలి ఉన్నారో నాకు తెలియదు. దాన్ని నాటకమని చెప్పిన మనిషి పోయి మాత్రం చాలా ఏళ్ళయింది.

మేం ఆవిడను మేడం అనే పిలిచేవాళ్ళం. విశ్వవిద్యాలయంలో చరిత్ర శాఖలో రీడరు. శాఖను ఆనుకుని ఒక పొడుగాటి గది ఉండేది, దానికి మ్యూజియం అని పేరు. ముక్కు విరిగిన విగ్రహాలు, నాణేలు, కుండపెంకులు. ఆ గదికి ఆవిడే అధికారి, ఆవిడే కాపలా, అవసరమైతే చీపురు కూడా ఆవిడదే. ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి, తార్నాకలో ఒక మేడ మీద వాటాలో ఒంటరిగా ఉండేవారు. పొట్టి మనిషి. గంజి పెట్టిన నూలు చీర, నల్లదారానికి వేలాడే కళ్ళద్దాలు, వానాకాలమూ ఎండాకాలమూ లేకుండా చంకలో గొడుగు. ఆ గొడుగు మొన మా వైపు తిప్పి "ఎవరు చూశారు?" అనేవారు. ఆవిడ పాఠమంతా ఆ రెండు మాటలే.

అంగట్లో రత్నాలు రాశులు పోసి అమ్మేవారని పరీక్షలో రాశాను ఒకసారి. పక్కన ఎర్ర సిరాతో 'ఎవరు చూశారు? నువ్వు బేరమాడావా?' అని వచ్చింది. లాలాపేట్ నుంచి వచ్చే పాలతను కూడా ఆ మాట తప్పించుకోలేకపోయాడు. ఒక పొద్దున నేను అక్కడే ఉన్నాను.

"నీళ్ళు కల్పలేదమ్మా, ఒట్టు."

"ఎవరు చూశారు?"

"పైన దేవుడు చూసిండు."

"అయితే రేపు ఆయన్నీ వెంటబెట్టుకురా. ఇద్దర్నీ అడుగుతాను."

ఇంత అనుమానపు మనిషికి సినిమా పిచ్చి ఎలా పట్టిందో! ఎవరో ఆచార్యుడు పైదేశం పోతూ శాఖకు వదిలేసిన చిన్న ఫిల్ము కెమెరా ఒకటుండేది. గడియారానికి ఇచ్చినట్టు తాళం తిప్పి ఇస్తే కాసేపు నడిచి ఆగిపోయేది. దాంతోపాటు బొమ్మ వేసే మిషను. రాళ్ళు కదలవు గనక జనం మ్యూజియంకి రావడం లేదు, బొమ్మ కదిలిస్తే వస్తారు అని ఆవిడ లెక్క. ఒక శాసనంలో, రాణి ఊరికి చెరువు తవ్వించిన ముచ్చట ఉంది. దాన్ని బొమ్మ తీశారు. రాణిని నేను. అమ్మ పెళ్ళినాటి పట్టుచీర, గిల్టు నగలు, లేని గాంభీర్యం. గోడకు తెల్ల పంచె కట్టి దాని మీద వేస్తే జనం నిజంగానే వచ్చారు. క్యాంపసు గోడ అవతలి మాణికేశ్వర్ నగర్ నుంచి ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు.

తర్వాత ఒకరోజు తార్నాక చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉంటే, నడివయసు మనిషి ఒకామె తలమీది గంప దించి నాకు దండం పెట్టింది.

"నువ్వు చెరువు తవ్విచ్చిన రాణమ్మవు గదా? మా బస్తీకి ఒక్క నల్లా ఏపియ్యరాదు తల్లీ!"

నేను నవ్వు ఆపుకుంటూ పోయి మేడంకి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.

"పళ్ళికిలించకు. రాయి కదలదు కాబట్టి జనం దాన్ని సవాలక్ష ప్రశ్నలు వేస్తారు. బొమ్మ కదిలితే చాలు, నమ్మేస్తారు. ఆవిడకి మనం అబద్ధం చెప్పామే అమ్మాయ్."

మర్నాడు ఆవిడ చంకలో గొడుగుతో పాటు పలక కూడా వచ్చింది. ఇక ప్రతి బొమ్మకూ ముందు కెమెరా ఎదుట పలక పట్టాల్సిందే. దాని మీద రెండే మాటలు, జరిగింది లేదా నాటకం. రాయడం, పట్టుకోవడం నా పని. సారె తిప్పుతున్న కుమ్మరిని తీస్తే 'జరిగింది'. ఆ కుమ్మరి కెమెరాను చూసి తలపాగా సర్దుకున్నాడు. అంతే, పని ఆగిపోయింది. సర్దుకున్నది మనకోసమే కాబట్టి అది నాటకం కిందికి వస్తుందా రాదా అని ఆవిడకు ధర్మసందేహం. కుమ్మరి విసిగిపోయి "కుండ జెయ్యాల్నా, ఇంటికి పోవాల్నా?" అన్నాడు.

క్యాంపసంతా చెప్పుకున్న సంగతి ఇంకొకటి. మ్యూజియంలో కొత్త భాగం తెరవడానికి ఒక మంత్రిగారు వచ్చారు. రిబ్బను కత్తిరించే సమయానికి కెమెరా తాళం అయిపోయింది. మంత్రిగారు ఫొటోల ప్రియుడు. ఇంకో రిబ్బను కట్టించి మళ్ళీ కత్తెర పట్టుకున్నారు. మేడం నన్ను ముందుకు తోశారు. నేను మంత్రిగారి ముఖానికి అడ్డంగా 'నాటకం' అన్న పలక పట్టాను. హాలంతా ఒక్కసారి గొల్లుమంది. బందోబస్తుకు వచ్చిన పోలీసు ఆఫీసరు టోపీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆవిడకు ఏ శ్రీముఖమూ రాలేదు గానీ, ఆ రోజు నుంచి మేడం పలక పట్టిందంటే అది బ్రహ్మవాక్కు అని క్యాంపసులో నానుడి అయిపోయింది.

తర్వాత అరవై తొమ్మిది వచ్చింది. తెలంగాణ కావాలని క్యాంపసు అట్టుడికిపోయింది. పొద్దున క్లాసు ఉంటుందో లేదో పాఠం చెప్పేవాళ్ళకే తెలియదు. రాత్రి కలిసి అన్నం తిన్న స్నేహితులు తెల్లవారేసరికి మీవాళ్ళు, మావాళ్ళు అనుకోసాగారు. మా నాన్నది లాలాపేట్, రైలు కార్ఖానాలో పని. నేనూ ఊరేగింపుల్లో నడిచినదాన్నే. మేడం కోస్తా మనిషి. ఆవిడ వరండాలో నడిచి వస్తుంటే కుర్రాళ్ళు మాటలు ఆపేసేవారు. ఆవిడ కూడా తల ఎత్తకుండా వెళ్ళిపోయేవారు.

మా క్లాసులో యాదగిరి అని ఉండేవాడు. భువనగిరి వైపు రైతుల బిడ్డ, వాళ్ళ ఇంటిపేరున కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. కొండకోట ముట్టడి మీద బొమ్మ తియ్యాలని మేడం అనగానే వాడు లేచాడు.

"మా కోట, మా చరిత్ర. పలక మాత్రం మీరు పెడ్తరా మేడం?"

మేడం కళ్ళద్దాలు తీశారు. తుడిచారు. బల్ల మీది సుద్దముక్క తీసి వాడి ముందు పెట్టారు.

"నువ్వే పెట్టు. రాసేముందు మాత్రం ఎవరు చూశారో నన్ను నమ్మించు."

వాడు సుద్ద ముట్టుకోలేదు. కానీ మర్నాడు తలపాగా కోసం దుప్పటి తెచ్చుకుని అందరికంటే ముందు వచ్చాడు. కోటను కాపాడే సైనికుడి వేషం వాడిదే.

ఆ రోజు పొద్దున్నే క్యాంపసు రెండో కొసన నినాదాలు వినబడుతున్నాయి. మేం ఇటువైపు, బండల గుట్ట మీద ఉన్నాం. వెదురు బద్దలకు వెండి కాగితం చుట్టి బల్లేలు చేశాం. అట్టముక్కలతో డాళ్ళు. ముట్టడి చేసేవాళ్ళ మీదికి దొర్లించడానికి నిజం రాళ్ళే పేర్చుకున్నాం, హైదరాబాదులో రాళ్ళకేం కరువు! నేను 'నాటకం' అని రాసి పలక చూపించి పక్కకు తప్పుకున్నాను. మేడం చీర చెంగు దోపుకుని కెమెరా వెనక నిలబడి బొమ్మ తియ్యడం మొదలుపెట్టారు. అప్పుడే కింద జీపు ఆగింది.

బల్లేలు పట్టుకుని స్టూడెంట్లు గుట్టెక్కారని వాళ్ళకు ఎవరో చెప్పారట. పోలీసులు పైకి పరుగెత్తుకుంటూ వస్తుంటే బండ మీదున్న ఒకడు కేక వేశాడు.

"అరే, మేడం శత్రువుల ఫౌజును గూడ పిలిపిచ్చిందిర భాయ్!"

అందరూ నవ్వారు. ఆ నవ్వు మీదనే మొదటి లాఠీ పడింది. బక్కపిల్లాడు ఒకడు అట్ట డాలు అడ్డం పెట్టుకున్నాడు. డాలు చిరిగింది, చెయ్యి విరిగింది. వాడి అరుపు విని యాదగిరి బండ మీద లేచి నిలబడ్డాడు. వాడి చేతిలో రాయి ఉంది. విసిరాడు. ఒక కానిస్టేబుల్ తల పట్టుకుని కూలబడ్డాడు. మాలో సగంమంది తార్నాక వైపు పరుగెత్తారు. నేను మేడం కొంగు పట్టుకుని లాగుతున్నాను, రమ్మని. ఆవిడ కదలలేదు. మొదటి నుంచీ కెమెరా ఆగినప్పుడల్లా మళ్ళీ తాళం తిప్పి కన్ను ఆనిస్తూనే ఉన్నారు.

సాయంత్రానికి కెమెరా పోలీసుల చేతిలో ఉంది. ఫిల్ము సర్కారు ఆఫీసులో కడిగిస్తారని, ముఖం దొరికితే కేసేనని తెలిసింది. పోలీసు తల పగలగొట్టిన కేసు. జైలు ఖాయం. చదువు అక్కడితో ఆఖరు. యాదగిరి మా ఇంటికి వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు. లోపలికి రారా అంటే రాడు.

"మా నాయిన పాణం తీస్కుంటడే. నా చదువు మీదనే బత్కుతుండు."

"మేడంతోని మాట్లాడ్దాం" అన్నాను.

"ఏం మాట్లాడ్తవ్? ఆమె పలక నీకెర్కలేదా? మంత్రికే పెట్టింది, నాకు పెట్టదా?"

వాడి మాట నిజం. ఆవిడ చేత అబద్ధం చెప్పించగల మనిషి పుట్టలేదని మేమిద్దరం నమ్మాం. ఆ రోజులన్నీ వీధిలో జీపు చప్పుడైతే కిటికీ దగ్గరికి పరుగెత్తేదాన్ని.

ఫిల్ము వచ్చింది. బొమ్మ వేసే మిషను మా గదిలోనే ఉంది కాబట్టి ఆఫీసరు అక్కడికే తెచ్చాడు. రిబ్బను రోజు టోపీ అడ్డం పెట్టుకుని నవ్వినాయనే. వేషాలు వేసిన కుర్రాళ్ళందరినీ పిలిపించి విగ్రహాల మధ్య నేల మీద కూర్చోబెట్టాడు. కిటికీలు మూశారు. మేడం రీలు ఎక్కించారు.

పలక వచ్చింది. బండలు వచ్చాయి. జీపు వచ్చింది. లాఠీ లేచింది. యాదగిరి బండ మీద నిలబడ్డాడు, తెల్ల పంచె మీద నిలువెత్తున, ముఖం ఎండలో మెరుస్తూ.

"ఆపుండ్రి! గాడ ఆపుండ్రి!" అన్నాడు ఆఫీసరు.

"ఆపకూడదండీ. దీపం వేడికి ఫిల్ము కాలిపోతుంది."

నాకు పిచ్చి ఆశ పుట్టింది. ఆపు మేడం, ఒక్క క్షణం ఆపు, కాలిపోనీ, పీడా పోతుంది. నా చూపు ఆవిడ వేళ్ళ మీదే ఉంది. ఆ వేళ్ళు మీట దగ్గరే ఉన్నాయి. మీట మాత్రం నొక్కలేదు. కానిస్టేబుల్ కూలబడ్డాడు. రీలు చివరిదాకా తిరిగి తోక టపటపా కొట్టుకుంది. ఎవరో కిటికీ తెరిచారు.

ఆఫీసరు యాదగిరి వైపు చూశాడు, తర్వాత మేడం వైపు తిరిగాడు.

"మేడం, ఆ రిబ్బను దినం నేను గాడనే డ్యూటీల ఉన్న. మినిస్టరు మొకానికే పలక పెట్టిన మీరు. మిమ్మల్నే అడుగుతున్న. ఈ పోరడు రాయి ఇసిరింది జరిగిందా, నాటకమా?"

"పలక మీద రాసే ఉంది కదండీ."

"పలక సంగతి కాదు. మీ నోటితోని చెప్పుండ్రి."

యాదగిరి తల దించుకున్నాడు. ఆవిడ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచారు. మళ్ళీ పెట్టుకోలేదు.

"నాటకం" అన్నారు.

"మరి మావోని తల ఎట్ల పగిలింది?"

"నాటకానికి నిజం రాళ్ళు పెట్టాను. ఆయన అడ్డం వచ్చారు. జనాన్ని దూరంగా ఆపాల్సింది నేను. తప్పు నాది, అలాగే రాసుకోండి."

ఆఫీసరు ఆవిడను చాలాసేపు చూశాడు. నమ్మాడో, నమ్మదలచుకున్నాడో ఆ దేవుడికి తెలియాలి. "మీరు చెప్పిన్రంటే అంతే ఇగ" అని టోపీ పెట్టుకున్నాడు. రీలు బల్ల మీదే వదిలి వెళ్ళిపోయాడు.

యాదగిరి ఆవిడ కాళ్ళ మీద పడబోతే గొడుగు అడ్డం పెట్టారు. "లే. వెళ్ళి చదువుకో" అన్నారు. ఆ తప్పు తన నెత్తిన వేసుకున్నందుకు మ్యూజియం తాళాలు ఆవిడ నుంచి తీసేసుకున్నారు. కెమెరా బీరువాలోకి పోయింది. ఆవిడ మళ్ళీ పాఠాలకే పరిమితమయ్యారు. క్లాసులో గొడుగు ఎత్తబోయి, "ఎవరు" దాకా వచ్చి ఆగిపోవడం నేను చూశాను. ఆ మాట ఇక ఆవిడ నోట పూర్తిగా రాలేదు. జైలు తప్పిందని మేం పండగ చేసుకుంటే, ఆవిడ మాత్రం నిలువునా చితికిపోయారు. నాకు కోపం కూడా వచ్చేది, ఒక మంచి పని చేసి ఇంత కుమిలిపోవాలా అని.

ఒకసారి కాచిగూడ దాకా తోడు రమ్మన్నారు. చేతిలో బత్తాయిపళ్ళ సంచి ఉంది. దెబ్బ తిన్న కానిస్టేబుల్ ఇల్లు అక్కడ. తలకు కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మేడం నిలబడే చెప్పారు.

"మీకు తగిలిన రాయి నాటకంలోది కాదండీ. నేను అబద్ధం చెప్పాను. మీకు మాత్రం చెప్పకుండా ఉండలేను."

ఆయన కట్టు తడుముకున్నాడు.

"నాకెర్కనే మేడం. నాటకం రాయి గింత నొయ్యది." భార్యను పిలిచి, "మేడంకు చాయ్ పెట్టు" అన్నాడు.

చాయ్ అంటే ఆమడ దూరం పారిపోయే మనిషి, ఆ చాయ్ అడుగంటా తాగారు.

తిరిగి వస్తూ అడిగాను, నాలో ఉడుకుతున్న మాట. "ఒక్క క్షణం ఆపితే కాలిపోయేది కదా మేడం. అబద్ధం ఆడే పని తప్పేది."

"కాలిస్తే జరిగింది పోతుందే. ఆ బక్కపిల్లాడి చెయ్యి విరిగిందీ పోతుంది, ఈయన తల పగిలిందీ పోతుంది. తప్పు పేరు పెడితే ఎప్పటికైనా దిద్దుకోవచ్చు." బస్సు ఎక్కబోతూ నా చెయ్యి పట్టుకున్నారు. "ఆ కుర్రాడికి ఇక ఏ భయమూ లేదనుకున్న రోజున ఆ పలక తుడిచెయ్యి. రాసింది నువ్వే కదా."

చదువులయ్యాయి, ఉద్యోగాలొచ్చాయి. ఆ రీలు ఏ బీరువాలో ఉందో, అసలు ఉందో లేదో నాకు తెలియకుండా పోయింది. మేడం పోయారని తెలిసిన రోజు కూడా ముందు గుర్తొచ్చింది ఆ పలకే. ఇన్నాళ్ళకు అది నా కళ్ళ ముందు ఆడుతోంది.

మ్యూజియం మెట్ల మీద కూర్చుని యాదగిరికి ఫోన్ చేశాను. హెడ్మాస్టరు చేసి రిటైరై ఊళ్ళోనే ఉంటున్నాడు. విషయం చెప్పాను.

"నేను నటించిన్ననే రాసి ఉన్నదా గాడ?"

"అదే ఉంది. తుడవమంటావా? నీ మనవరాలు సర్కారు నౌకరీకి చదువుతోందంటివి, మళ్ళీ ఏమైనా..."

"తుడ్వు" అన్నాడు. "నా కోసం ఆ తల్లి నోరు కరాబు చేసుకున్నది. ఇంకెన్నేండ్లు మోస్తది? తుడ్వే."

లోపలికి వెళ్ళి ఇందాక పలకరించిన అమ్మాయిని పట్టుకున్నాను. ఆ చీటీ తప్పు, అది నాటకం కాదు అన్నాను. ఆమె మర్యాదగానే నవ్వింది.

"మేడం, స్లేట్ మీదనే ఉన్నది కదా, నాటకం అని. మేం సొంతంగ ఏం రాయలేదు."

"ఆ స్లేట్ మీద రాసింది నేనే తల్లీ."

ఆమె ముఖంలో నవ్వు పోయింది. తెరను ఒకసారి చూసింది, నన్ను ఒకసారి చూసింది. తెర మీది వేళ్ళను, నా వేళ్ళను. కుర్చీ తెచ్చి వేసింది.

"అయితే మీరు చెప్పండి మేడం, నేను రికార్డ్ చేస్తా. ఈ ఫిల్మ్ పక్కనే పెట్టమని మా సార్‌ని అడుగుతా." ఫోను నా ముఖానికి ఎదురుగా పట్టుకుంది. "రెడీనా?"

"ఆగు" అన్నాను. "ముందు పలక కావాలి."

పలక ఎక్కడిది? ఆమె మ్యూజియం వాళ్ళు పంచే కాగితం ఒకటి వెనక్కి తిప్పి ఇచ్చింది, లావుపాటి పెన్ను ఇచ్చింది. ఒళ్ళో పెట్టుకుని, వంకర పోకుండా కుదురుగా రాశాను. రెండు చేతులతో గుండెలకు ఆనించి పట్టుకుని, కెమెరాకు బాగా కనిపించేదాకా ఆగాను.

జరిగింది.